చిన్న జీతాల్లో పట్టుకున్న టీడీఎస్ వదులుకోవద్దు

సంపాదకులకు,

ప్రైవేటు ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, చిన్న ఆఫీసుల్లో చాలామందిని ఉద్యోగులుగా కాక 'కన్సల్టెంట్లు'గా చూపించి, ఇచ్చే డబ్బులో 10 శాతం టీడీఎస్ (ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుంటున్నారు. నెలకు 25 వేలకు కుదిరిన ల్యాబ్ టెక్నీషియన్ చేతికి 22,500 వస్తుంది. ఏడాదికి పోయేది 30 వేలు. ఆమె మొత్తం ఆదాయం 3 లక్షలు. 2025-26 ఆదాయానికి కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. ఆ పైన కూడా, షేర్ల లాభాల్లాంటివి లేకపోతే, 12 లక్షల దాకా రిబేటుతో (పన్ను తగ్గింపుతో) పన్ను సున్నా అవుతుంది. కాబట్టి ఆ 30 వేలూ ఆమెవే. కానీ ఆదాయం, పట్టుకున్న పన్ను లెక్కలు ఆదాయపు పన్ను శాఖకు చూపే రిటర్ను వేస్తేనే వస్తాయి. "నాకు పన్ను పడదుగా, రిటర్నెందుకు" అనుకోవడంతోనే నష్టం మొదలవుతోంది.

మేస్త్రీలు, పెయింటర్ల వంటి కాంట్రాక్టు పనివాళ్లకు పట్టుకునేది 1 శాతమే. పాన్ ఇవ్వకపోతే అది 20 శాతం అవుతుంది. 3,60,000 బిల్లు మీద 3,600 పోవాల్సిన చోట 72 వేలు పోతాయి. పైగా పాన్ లేకుండా పట్టుకున్న సొమ్ము ఎవరి ఖాతాలోనూ కనపడదు. కంపెనీ తన టీడీఎస్ స్టేట్‌మెంటులో పాన్ చేర్చి సవరించేదాకా అడగడానికి వీలుండదు. సరుకు రవాణా ఆటోలు, లారీలు నడిపేవాళ్లకు మరో వెసులుబాటు ఉంది. పదికి మించి గూడ్స్ బండ్లు లేవని రాసి, పాన్ జతచేసి ఇస్తే టీడీఎస్ అసలు పట్టుకోకూడదు. ఆ కాగితం బిల్లుతో పాటే ఇవ్వాలి.

రిటర్ను వేయడానికి ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో రూపాయి ఖర్చు లేదు. పాన్‌తో లాగిన్ అయి ముందు 26ఏఎస్ (మీ పేరున జమైన టీడీఎస్ పట్టిక), ఏఐఎస్ (ఏడాదిలో మీకు వచ్చిన ఆదాయాల వివరాలు) తెరిచి చూడండి. జనవరి–మార్చి టీడీఎస్ వివరాలు ఇవ్వడానికి కంపెనీలకు మే 31 దాకా గడువు ఉంటుంది. అందుకే ఏప్రిల్‌లో తొందరపడి వేస్తే చివరి మూడు నెలల సొమ్ము తప్పిపోతుంది. జూన్ 15 తర్వాత మొదలుపెట్టి జులై దాటనివ్వకపోవడం మేలు. డబ్బు పట్టుకుని 26ఏఎస్‌లో చూపకపోతే కంపెనీని ఫారం 16ఏ (టీడీఎస్ సర్టిఫికెట్) అడగండి, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకోండి. అలా పట్టుకున్న పన్నును మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదని 2025-26 ఆదాయానికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 205 చెబుతోంది.

2025-26 ఆదాయానికి 26ఏఎస్‌లో సెక్షన్ నంబరు చూసి రిటర్ను ఫారం (ఐటీఆర్) ఎంచుకోవాలి. 192 అంటే జీతం, సాధారణంగా ఐటీఆర్-1 సరిపోతుంది. 194సి (కాంట్రాక్టు పని), 194జె (కన్సల్టెంట్ ఫీజు) అయితే అది వ్యాపారం లేదా వృత్తి ఆదాయం. పనిని బట్టి ఐటీఆర్-4 లేదా ఐటీఆర్-3 వేయాలి. దాన్ని జీతంగా రాసి ఐటీఆర్-1 వేస్తే రిటర్నులో లోపం ఉందని చెప్పే డిఫెక్టివ్ నోటీసు రావచ్చు. వస్తే 15 రోజుల్లో సరిచేయాలి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా పీఎఫ్ తీసుకున్నవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటి. పట్టుకున్న 10 శాతం తిరిగి అడుగుతారు, తీసుకున్న పీఎఫ్‌ను మాత్రం ఆదాయంలో చూపరు. చూపని ఆదాయం మీద టీడీఎస్ క్రెడిట్ ఇవ్వరు, రిఫండు అక్కడే ఆగుతుంది.

వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై (రిటర్ను మీదేనని ధ్రువీకరణ) చేయాలి. అసలు చేయకపోతే గడువులో వేసిన రిటర్నుకూ విలువ ఉండదు. బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో వాలిడేట్ చేసి, రిఫండుకు అదే ఖాతా అని టిక్ పెట్టాలి. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఒక్క అక్షరంగా ఉంటే వాలిడేషన్ తప్పిపోవచ్చు. ఆధార్‌తో లింకు కాక పాన్ పనిచేయకుండా పోయినా రిఫండు ఇవ్వరు.

ఇంటర్నెట్ సెంటర్‌లో వేయించుకునేవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక. పోర్టల్‌లో మీ ఫోన్ నంబరు, మీ మెయిలే ఉండాలి. ఏజెంటు తన నంబరు పెడితే నోటీసులన్నీ అతనికే వెళ్తాయి. రిఫండులో వాటా అడుగుతూ, కట్టని ఎల్‌ఐసీ, ఇవ్వని విరాళం రాసేవాళ్ల దగ్గరకు అసలు పోకండి. అలాంటి మధ్యవర్తుల మీద 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా తనిఖీలు చేసింది. తప్పుడు వివరాలిస్తే ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం దాకా జరిమానా పడేది మీకే, ఏజెంటుకు కాదు.

అన్నిటికన్నా ముఖ్యం గడువు. ఆలస్యపు రిటర్ను డిసెంబరు 31 దాకా వేయొచ్చు. మొత్తం ఆదాయం 4 లక్షలు దాటకపోతే సాధారణంగా ఆలస్య రుసుము ఉండదు. దాటి 5 లక్షల లోపైతే వెయ్యి రూపాయలు. ఆ తేదీ దాటాక 'అప్‌డేటెడ్ రిటర్ను' ఉందిలే అనుకుంటే పొరపాటు, దానితో రిఫండు అడగడానికి చట్టం ఒప్పుకోదు. ఆలస్యాన్ని మన్నించమని కారణాలు చూపిస్తూ శాఖకు దరఖాస్తు పెట్టుకోవడం ఒక్కటే మిగులుతుంది.

ఉచిత సాయానికి ఐటీ ఆఫీసుల్లోని ఆయకర్ సేవా కేంద్రాలు, 1800 103 0025 హెల్ప్‌లైన్ ఉన్నాయి. పల్లె మనిషికి, రోజుకూలీ వదులుకుని పట్నం రాలేని మనిషికి అవి చాలవు. అమెరికాలో వాలంటీర్లకు శిక్షణ ఇచ్చి, తక్కువ ఆదాయం వాళ్లకు ఉచితంగా రిటర్నులు వేయించే 'వీటా' ఏర్పాటు ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు, తెలంగాణలో మీసేవ కేంద్రాల్లో కంప్యూటర్లు, సిబ్బంది ఇప్పటికే ఉన్నారు. ఆదాయపు పన్ను శాఖ శిక్షణ ఇచ్చి, జూన్, జులై నెలల్లో అక్కడ రిటర్నుల కౌంటరు తెరవాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ కోరుతున్నాం.

– పన్ను రిటర్నుల పనిలో ఉన్న కొందరు పాఠకులు, విజయవాడ