హైస్కూల్‌కి వెళ్లే ముందు: నీ బ్యాగు, నీ ఫోను, నీ నోరు

చిన్నూ,

ఆగస్టులో తొమ్మిదో తరగతి. స్కూలు హ్యాండ్‌బుక్ నువ్వు చదవవని తెలుసు కాబట్టి అందులో ఉన్నవీ, అందులో రాయనివీ కలిపి రాస్తున్నాను. హైదరాబాద్ బడిలో సార్ బ్యాగు తియ్యమంటే తియ్యడమే. ఎందుకని అడిగేవాళ్లు లేరు. ఇక్కడ అమెరికాలో, మన టెక్సాస్ ప్రభుత్వ బడిలో అడగొచ్చు. కానీ ఎప్పుడు, ఎలా అడగాలో తెలియకపోతే అడగడమే ఇంకో గొడవ అవుతుంది.

ముందు బ్యాగు. 1980లో న్యూజెర్సీలో 14 ఏళ్ల అమ్మాయి బాత్రూంలో సిగరెట్ తాగుతోందని వైస్ ప్రిన్సిపాల్ ఆమె పర్సు తెరిచాడు. సిగరెట్లతో పాటు చుట్టుకునే కాగితాలు, గంజాయి బయటపడ్డాయి. ఆ కేసు 1985లో సుప్రీంకోర్టులో తేలింది. బడివాళ్లకు పోలీసుల్లా వారెంటు అక్కర్లేదు, సమంజసమైన అనుమానం చాలు అంది కోర్టు. కాకపోతే ఆ అనుమానం వెతకడానికి ముందే ఉండాలి. దేనికోసం మొదలుపెట్టారో అంతవరకే వెతకాలి. పిల్లల వయసుకీ, తప్పు తీవ్రతకీ మించి పోకూడదు.

గేటు దగ్గర అందరి బ్యాగులూ ఒకేలా చూస్తుంటే నువ్వూ చూపించు. ఇన్ని తుపాకులున్న దేశంలో ఆ తనిఖీ ఉండాలనే నేనూ కోరుకుంటాను. నిన్నొక్కడినే పక్కకు పిలిచినప్పుడు మాత్రం గొంతు పెంచకుండా ఈ రెండు మాటలు అను: "ఐ డోంట్ కన్సెంట్ టు దిస్ సెర్చ్. ప్లీజ్ కాల్ మై మదర్." అయినా వెతికితే అడ్డుపడకు, బ్యాగు లాక్కోకు. ఆ మాటలు అక్కడికక్కడ ఎవరినీ ఆపవు, తర్వాత కాగితం మీద పనికొస్తాయి. "సరే, చూసుకోండి" అన్నావంటే వాళ్ల అనుమానానికి కారణం ఉందా లేదా అనే ప్రశ్నే ఎగిరిపోతుంది.

మన ఇళ్లలో జరిగే పొరపాటు మాత్రల దగ్గర. తలనొప్పి వస్తుందేమోనని బ్యాగు చిన్న జిప్పులో నాలుగు డోలో 650 పెట్టి పంపడం మనకు అలవాటు. కత్తిరించిన స్ట్రిప్పు మీద సగం పేరే ఉంటుంది. అదేమిటో స్కూలు నర్సుకు తెలియదు, నువ్వు పక్కవాడికి ఒకటిస్తే మందులు పంచినట్టు లెక్క. మందు ఏదైనా అసలు డబ్బాలో, లేబుల్‌తో, నేను సంతకం చేసిన ఫారంతో నర్సు దగ్గరే ఉండాలి. చాలా స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక్కో ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపే సంస్థలు) ఇండియా మందులు అసలు తీసుకోవు. ఇన్‌హేలర్ మాత్రం డాక్టర్ కాగితం, నా సంతకం ఉంటే నీ దగ్గరే ఉంచుకోవచ్చు.

ఇది చాదస్తం అనుకోకు. 2003లో అరిజోనాలో 13 ఏళ్ల అమ్మాయి దగ్గర ఐబూప్రోఫెన్ అనే నొప్పి మాత్రలున్నాయన్న అనుమానంతో లోదుస్తుల దాకా వెతికారు. ఏమీ దొరకలేదు. అది రాజ్యాంగ విరుద్ధమని 2009లో సుప్రీంకోర్టు 8-1తో చెప్పింది. కానీ అప్పటికి చట్టం అంత స్పష్టంగా లేదని, వెతికినవాళ్లు సొంతంగా నష్టపరిహారం కట్టక్కర్లేదనీ అంది. కేసు గెలిచినా చేతికి ఏమి వస్తుందో దీన్నిబట్టి అర్థం చేసుకో.

ఫోను సంగతిలో రెండు వేర్వేరు పనులున్నాయి: లాక్కోవడం, తెరవడం. 2025 నుంచి టెక్సాస్ చట్టం ప్రకారం బడి వేళల్లో ఫోను వాడకూడదు. వాడుతూ దొరికితే తీసుకుంటారు, మారుమాట లేకుండా ఇచ్చెయ్. తెరవమంటే మాత్రం పైన చెప్పిన రెండు మాటలే చెప్పు, పాస్‌కోడ్ చెప్పకు. క్లాసులో మెసేజ్ పంపినంత మాత్రాన ఫోనులోని మెసేజులన్నీ చదివే హక్కు రాదని 2013లో కెంటకీ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. టెక్సాస్ ఆ కోర్టు పరిధిలోకి రాదు కాబట్టి ఆ తీర్పుకు కట్టుబడక్కర్లేదు, వాదనకు పనికొస్తుంది, అంతే. అడిగాక మాత్రం ఏదీ డిలీట్ చెయ్యకు. లేని తప్పు ఉన్నట్టు కనబడేది అక్కడే.

స్కూలు ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద నీకు గోప్యత లేదనుకో. 2010లో పెన్సిల్వేనియాలో ఒక డిస్ట్రిక్టు అలాంటి ల్యాప్‌టాప్‌ల వెబ్‌క్యామ్‌తో ఇళ్లలో ఉన్న పిల్లల ఫొటోలు తీసిందని బయటపడి, 6,10,000 డాలర్లకు రాజీ కుదిరింది. ఎక్కువ భాగం లాయరు ఫీజులకే పోయింది. మన పని మనం చేద్దాం: కెమెరా మీద స్టిక్కర్, సొంత మెయిలుకు సొంత కంప్యూటర్.

బడి బయట నువ్వు రాసే మాటకు స్వేచ్ఛ ఎక్కువ. శనివారం స్నాప్‌చాట్‌లో చీర్‌లీడింగ్‌ను బూతులు తిట్టిన అమ్మాయిని టీము నుంచి తీసేస్తే 2021లో సుప్రీంకోర్టు ఆమె వైపే నిలిచింది. ఏడిపించడం, బెదిరించడం మాత్రం అందులోకి రావు. "రేపు స్కూలు లేపేస్తా" అని జోకుగా రాసినా టెక్సాస్‌లో నేరం కింద పోలీసులు రావచ్చు. మనం హెచ్-4 మీద, అంటే నాన్న ఉద్యోగ వీసాను ఆధారం చేసుకున్న కుటుంబ వీసా మీద ఉన్నాం. వీసా స్టాంపింగ్‌కు హైదరాబాద్ వెళ్తే ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని ఉంటుంది. శిక్ష పడకపోయినా అవునని రాయాలి. గ్రూపులో ఎవడైనా అలా రాస్తే నవ్వు ఎమోజీ కూడా పెట్టకు, నాకు చూపించు.

స్కూల్లో పోలీసు ప్రశ్నించడం మొదలుపెడితే "యామ్ ఐ ఫ్రీ టు లీవ్?" అని అడుగు. కాదంటే "ఐ వాంట్ ఎ లాయర్" అను, ఇక ఏమీ మాట్లాడకు. అమ్మను పిలవండి అన్నంత మాత్రాన ప్రశ్నలు ఆపాలని లేదు, లాయర్ అన్న మాటే రావాలి. తెల్ల కాగితం మీద స్టేట్‌మెంట్ రాసిమ్మంటే రాయకు. సస్పెండ్ చేస్తే, అది పది రోజుల లోపైనా సరే, ఆరోపణ ఏమిటో చెప్పి నీ మాట వినాల్సిందే. 1975 నుంచి అది చట్టం. ఆ రాత్రే టైములు, పేర్లు, అన్న మాటలు రాసి నాకివ్వు. ప్రిన్సిపాల్‌కు నేను మెయిల్ పెడతాను, ఫోన్ చెయ్యను.

స్కూలు ఫారాల్లో నీ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు బయటివాళ్లకు ఇవ్వొద్దని ఒక టిక్కు, మిలిటరీ రిక్రూటర్లకు ఇవ్వొద్దని వేరే టిక్కు పెట్టాను. మొదటిది పెడితే రెండోదీ అయిపోయినట్టే అనుకుంటారు చాలామంది. డిస్ట్రిక్టును బట్టి కాకపోవచ్చు. నీకు 18 వచ్చాక ఈ సంతకాలు నీవే. కాలేజీకి వెళ్లాక నీ మార్కులు నాకు చెప్పాలన్నా నీ అనుమతి అడుగుతారు. ట్యాక్స్ రిటర్నులో నువ్వు డిపెండెంట్‌వి అయితే అనుమతి లేకుండా చెప్పొచ్చు, కానీ చెప్పి తీరాలని లేదు. అప్పుడు నీ పాస్‌కోడ్ ముందు నేను నిలబడాలన్నమాట.

అమ్మ