ఏప్రిల్‌లోనూ మంచు పడుతుంది

సంపాదకులకు నమస్కారం.

మార్చి నెలాఖరుకు చలి పోతుందనుకుని, అమెరికా ఈశాన్య రాష్ట్రాలకు వెళ్లే మనవాళ్లు కొందరు స్వెట్టర్లు ఇంట్లోనే వదిలేస్తుంటారు. 1997 మార్చి 30న, ఈస్టర్ ఆదివారం, బోస్టన్‌లో ఉష్ణోగ్రత 17 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లింది. మర్నాడే మంచు తుఫాను! ఏప్రిల్ 1 నాటికి బోస్టన్‌లో 25.4 అంగుళాలు, ఊస్టర్‌లో 33 అంగుళాల మంచు పడింది. అంటే దగ్గరదగ్గర నడుం లోతు. (ఏప్రిల్ ఫూల్ జోకు అనుకున్నవాళ్లూ ఉండే ఉంటారు.) పొడి మంచు కాదది, నీరు పట్టి బరువెక్కిన మంచు. కొమ్మలు విరిగి తీగల మీద పడి లక్షల మందికి కరెంటు పోయింది. అక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ హీటింగ్ కూడా కరెంటు లేనిదే నడవదు. పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దవాళ్లకు అదీ అసలు టెన్షన్. మీ ప్రయాణాల పేజీలో వీసా, టికెట్ల సంగతులతో పాటు ఇదీ రాయండి.

– ఒక పాఠకుడు, మసాచుసెట్స్