మా పలాస ఆఫీసు కంప్యూటర్లను గాడిలో పెట్టిన తమ్ముడికి కృతజ్ఞతలు

కాశీబుగ్గలో పుట్టి, ఇప్పుడు విశాఖలో నెట్‌వర్క్ పని చేస్తున్న ఒక కుర్రాడి గురించి ఈ పోస్టు. పేరు రాయొద్దన్నాడు, అందుకని రాయడం లేదు. కానీ అతను చేసిన మేలు నలుగురికీ తెలియాలి. మాలాగే చిన్న ఆఫీసులు నడుపుకునేవాళ్లకు అందులోని సంగతులు పనికొస్తాయి కూడా.

మాది చిన్న జీడిపప్పు యూనిట్. నేను లెక్కలు చూస్తాను. ఒక సర్వర్, దానికి కలిపిన కొన్ని కంప్యూటర్లు ఉన్నాయి. ఎవరి పేరుతో వాళ్లు ఏ కంప్యూటర్‌లోనైనా లాగిన్ అయ్యేలా డొమైన్ పెట్టి ఉంది. 80 కిలోల బస్తాల్లో వచ్చే పిక్కల లెక్క, గ్రేడుల వారీ సరుకు, బిల్లులు, ఆడవాళ్ల తూకాలు అన్నీ అందులోనే. కొన్ని నెలలుగా పొద్దున్న స్విచ్ వేస్తే పని మొదలుపెట్టడానికి నిమిషాలకు నిమిషాలు పట్టేది. ఒలవడానికి పప్పు తూచి ఇచ్చే వేళ అది. కంప్యూటర్ తెరుచుకునేదాకా ఆడవాళ్లు వరసలో నిలబడే ఉండేవాళ్లు. వాళ్ల కూలి ఒలిచిన పప్పు తూకం మీదే కాబట్టి, నిలబడిన సేపటికి పైసా రాదు. నన్ను బాగా బాధపెట్టింది అదే.

అడిగినవాళ్లంతా ఒకే మాట చెప్పారు: కంప్యూటర్లు పాతబడిపోయాయి, అన్నీ మార్చేయండి. కొటేషన్లు చూసి మా ఓనరు గారికి టెన్షన్ పట్టుకుంది. పిక్కల సీజన్‌లో పెట్టుబడి ఎంత ఉన్నా చాలదు మరి.

ఈ తమ్ముడు మాత్రం ఫోన్‌లోనే "అప్పా, ముందు ఏమీ కొనకండి. రెండు టైములు కాగితం మీద రాయించండి" అన్నాడు. స్విచ్ వేశాక పాస్‌వర్డ్ అడగడానికి ఎంతసేపు, పాస్‌వర్డ్ కొట్టాక పని చేసుకునేలా తెర రావడానికి ఎంతసేపు. బిల్లింగ్ చూసే మా అమ్మాయి ఓపిగ్గా ప్రతి కంప్యూటర్‌కూ రాసిపెట్టింది. ఆమెకు కూడా ఇక్కడే థ్యాంక్స్ చెప్పాలి, ఎందుకంటే సంగతి తేలింది ఆ కాగితంతోనే. పాస్‌వర్డ్ దాకా రావడానికి ఆలస్యం చేస్తున్నవి రెండు కంప్యూటర్లే. పాస్‌వర్డ్ కొట్టాక ఆలస్యం మాత్రం అన్నింట్లోనూ ఉంది. అంటే రెండు వేర్వేరు జబ్బులన్నమాట.

ఆదివారం సెలవు మానుకుని వచ్చాడు. రాగానే ఒక కంప్యూటర్‌కు నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, లాగిన్ అవ్వమన్నాడు. సర్వర్ లేకుండా ఎలా అవుతుందని అడిగాను. ఇంతకుముందు లాగిన్ అయినవాళ్ల వివరాలు విండోస్ తన దగ్గరే దాచుకుంటుందట, అందుకే కేబుల్ లేకపోయినా రానిస్తుంది. కొట్టగానే తెర వచ్చేసింది! కేబుల్ పెట్టి మళ్లీ చేస్తే మళ్లీ అదే నత్తనడక. కంప్యూటర్లు ముసలివైపోవడం వల్లే ఈ ఆలస్యమన్న మాట తప్పని అక్కడితో తేలిపోయింది. లాగిన్ తిప్పలు నెట్‌వర్క్‌వి.

తర్వాత కంప్యూటర్ నెట్‌వర్క్ వివరాలు చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టి, డీఎన్ఎస్ (పేరు అడిగితే దాని నెట్‌వర్క్ అడ్రస్ చెప్పేది) అన్న వరస చూపించాడు. అక్కడ 8.8.8.8 ఉంది. లాగిన్ వేళ కంప్యూటర్ 'మన డొమైన్ సర్వర్ ఎక్కడుంది' అని డీఎన్ఎస్‌ను అడుగుతుంది. ఆ జవాబు మా సర్వర్‌లో నడిచే డీఎన్ఎస్‌కే తెలుసు. 8.8.8.8 గూగుల్ వాళ్లది. పలాసలో ఒక గదిలో ఉన్న మా సర్వర్ సంగతి దానికెలా తెలుస్తుంది? ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు కొత్త రౌటర్ బిగించినప్పటి నుంచి, కంప్యూటర్లకు అడ్రస్‌లు ఆ రౌటరే పంచుతోంది, దాంతోపాటు ఈ డీఎన్ఎస్‌ను కూడా. పాపం మా కంప్యూటర్లు తెలియనివాళ్లను అడిగి, జవాబు కోసం కాచుకుని, చివరికి విసిగి వేరే దారి వెతుక్కునేవి.

రౌటర్‌లో అడ్రస్‌లు పంచే పని ఆపి, దాన్ని సర్వర్‌కు అప్పజెప్పాడు. అన్ని కంప్యూటర్లకూ డీఎన్ఎస్‌గా సర్వర్ అడ్రస్ ఒక్కటే ఇచ్చాడు. బయటి వెబ్‌సైట్ల సంగతి ఆ సర్వరే బయట అడిగి తెచ్చేలా పెట్టాడు. రెండోదిగా 8.8.8.8 ఉంచితే మంచిది కదా అన్నాను. మొదటిది ఒకసారి జవాబు ఆలస్యం చేస్తే విండోస్ రెండోదానికి మారి కొంతసేపు దాన్నే పట్టుకుంటుందని, మళ్లీ పాత కథే అవుతుందని చెప్పాడు. డొమైన్ ఉన్న ఆఫీసువాళ్లు ఈ ఒక్క సంగతి తప్పకుండా చూసుకోండి.

ఇంకా మిగిలిన ఆలస్యం కోసం సర్వర్‌లో ఉన్న లాగిన్ స్క్రిప్టు (లాగిన్ అయినప్పుడల్లా తనంతట తానే నడిచే కమాండ్ల జాబితా) తెరిచాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు నీళ్లు దిగి పాడైన పాత కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను అది ఇప్పటికీ రోజూ వెతుకుతోంది. ఆ వరస తీసేశాడు. మా గుమస్తా గారి డెస్క్‌టాప్ మీద స్కాన్ చేసిన బిల్లులు కుప్పలుగా ఉన్నాయి. మా దగ్గర ఎవరి ప్రొఫైల్ (వాళ్ల డెస్క్‌టాప్, సెట్టింగులు) వాళ్లకు సర్వర్ నుంచి దిగుతుంది కాబట్టి ఆయన ఇంతకుముందు వాడని కంప్యూటర్‌లో కూర్చుంటే ఆ కుప్పంతా దిగేదాకా ఆగాలి. వాటిని షేర్డ్ ఫోల్డర్‌లోకి మార్చి, ఆయనకు డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టి, ఎలా తెరవాలో పక్కన కూర్చుని నేర్పాడు. పెద్దాయన కదా, ఒకటికి రెండుసార్లు అడిగినా విసుక్కోలేదు.

పాస్‌వర్డ్ దాకా రావడానికి ఆలస్యం చేస్తున్న ఆ రెండింటికి పాత హార్డ్ డిస్కులు తీసి ఎస్ఎస్‌డీలు (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్కులు) వేశాడు. మొత్తం మీద మేం కొన్నవి అవే. విండోస్ తనలో జరిగేవన్నీ రాసుకునే చిట్టాను చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో 100 నంబరు ఈవెంట్‌లో స్టార్ట్ అవ్వడానికి పట్టిన టైము మిల్లీసెకన్లలో ఉంటుంది. ముందుది, తర్వాతది పక్కపక్కన పెట్టి చూపించాడు. ఇప్పుడు పొద్దున్న తూకం గది తెరిచేసరికి కంప్యూటర్ సిద్ధంగా ఉంటోంది.

దాచకుండా ఇంకో మాట కూడా చెప్పాడు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది కాబట్టి, దాని మీద నడిచేవాటిని మెల్లగా మార్చుకోవాలి. అది భద్రత సంగతి, దాన్నీ స్లో అవ్వడాన్నీ కలిపి భయపడొద్దు అన్నాడు. అమ్మేవాళ్లెవరూ మాకు ఇలా విడదీసి చెప్పలేదు.

ఓనరు గారు ఇవ్వబోయిన కవరు ముట్టుకోలేదు. వాళ్లమ్మ గారికి అర కిలో పప్పు ఇస్తే మొహమాటపడుతూ తీసుకున్నాడు.

తమ్ముడూ, నువ్వు ఇచ్చిన ఆదివారానికి మా యూనిట్ తరఫున, ముఖ్యంగా తూకం వరసలో నిలబడే మా ఆడవాళ్లందరి తరఫున చాలా చాలా కృతజ్ఞతలు. అమ్మ గారికి నా నమస్కారం చెప్పు. సంక్రాంతికి వచ్చినప్పుడు సర్వర్ బ్యాకప్ సంగతి చూస్తానన్నావు. నువ్వు చెప్పిన ఎక్స్‌టర్నల్ డిస్క్ తెప్పించి ఉంచాం.