పెట్టె మాది, తాళం వాళ్లది

సంపాదకులు గారికి,

కంపెనీ దివాలా తీసిందంటే బ్యాంకులకు ఎంత బాకీ అన్నదే పేపర్లో వస్తుంది. కేబుల్ కంపెనీ మునిగితే మన ఇళ్లలో టీవీ పక్కన ఉన్న సెట్‌టాప్ పెట్టెల గతేమిటో ఎవరూ రాయరు. ఇరవై ఏళ్లు స్తంభాలెక్కి వైర్లు లాగినవాణ్ని, కాబట్టి నేను రాస్తున్నాను.

సిటీ కేబుల్ పేరు తెలియని ఆపరేటర్ ఉండడు. 1992లో జీ టీవీ వాళ్ల ఎస్సెల్ గ్రూపు పెట్టిన కంపెనీ అది. అప్పట్లో మేడ మీద డిష్, గదిలో వీసీఆర్, వీధి పొడవునా నల్ల వైరు ఉంటే చాలు, కేబుల్ వ్యాపారమే. అలాంటి చిన్నవాళ్లను కలుపుకుంటూ అది దేశంలో పెద్ద కంపెనీల్లో ఒకటైంది. తర్వాత పాత కేబుల్ ఆపేసి డిజిటల్‌కి మారాలంటూ ఊళ్లవారీగా ప్రభుత్వం గడువులు పెట్టింది. 2013 మార్చికి హైదరాబాద్, విశాఖ వంతు. ఇంటింటికీ సెట్‌టాప్ బాక్స్ పెట్టాలంటే మాటలా? కంపెనీలు అప్పులు తెచ్చి మరీ బాక్సులు పంచాయి. అప్పు అలాగే ఉంది, చూసేవాళ్లు మాత్రం కొందరు నెలవారీ బిల్లు లేని దూరదర్శన్ ఫ్రీ డిష్‌కి, కొందరు ఫోన్లకి వెళ్లిపోయారు. సిటీ నెట్‌వర్క్స్‌గా పేరు మారిన ఆ కంపెనీ మీద 2023 ఫిబ్రవరిలో ఇండస్‌ఇండ్ బ్యాంకు పిటిషన్‌తో ముంబయిలోని కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)లో దివాలా ప్రక్రియ మొదలైంది.

నాకు సిగ్నల్ ఇచ్చింది అది కాదు, ఇంకో చిన్న కంపెనీ. 2019 ఫిబ్రవరిలో టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరలు వచ్చినప్పుడు గుమ్మం గుమ్మానికీ తిరిగి కాగితం మీద చానళ్లకు టిక్కులు పెట్టించాను. వంద చానళ్లకు 130, పన్నుతో 153 రూపాయలు. "మొన్నటిదాకా అన్నీ వచ్చేవి కదయ్యా, ఇప్పుడు ఏరుకోమంటావేంటి?" అని ఒక పెద్దావిడ నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు. రెండేళ్లు తిరక్కుండానే ఒకరోజు పొద్దున్న కంట్రోల్ రూమ్ నుంచే సిగ్నల్ ఆగిపోయింది. ఫోన్లు స్విచ్చాఫ్. సాయంత్రానికి జనమంతా మా ఇంటి ముందే. వేరే కంపెనీకి మారదామంటే వాళ్ల బాక్సే కొనాలన్నారు, పాతది వాళ్ల సిగ్నల్‌కి తెరుచుకోదట. రెండు వందల పైచిలుకు బాక్సులు ఇప్పటికీ మా అటక మీద బస్తాల్లో ఉన్నాయి. కొన్ని రిమోట్లకు కవర్ కూడా విప్పలేదు.

సిమ్ మారిస్తే ఫోన్ మార్చం కదా! ఒకే బాక్స్ ఏ కంపెనీ సిగ్నల్‌కైనా పనిచేసేలా ఉండాలని 2020 ఏప్రిల్‌లో ట్రాయే సిఫారసు చేసింది. కేంద్ర సమాచార ప్రసార శాఖ దాన్ని తప్పనిసరి చేయాలి. బాక్సుకి డబ్బు కట్టిన రసీదులు మా వీధిలో ఇంకా కొందరు దాచుకున్నారు. కనబడితే నన్నే అడుగుతున్నారు.

ఒక పాత కేబుల్ ఆపరేటర్,
తెనాలి