తుప్పుకు ‘సాంకేతిక లోపం’ అని పేరు పెట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఒక విమానం దిగుతుండగా దాని చక్రాల కాలు విరిగిన వార్త మీరు వేసి పది రోజులు దాటింది. మర్నాడో ఆ తర్వాతో పూర్తి సంగతి రాస్తారని ఎదురుచూశాను. లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. పాత భాగమట, తుప్పు పట్టిందట. అయినా అధికారులు చెప్పిన ‘సాంకేతిక లోపం’ అన్న మాటే మీరూ హెడ్డింగుగా పెట్టారు. అది చదివాక ఊరుకోలేక రాస్తున్నాను.

నేను 31 ఏళ్లు ప్లేటింగ్ షాపులో పనిచేసి రిటైరయ్యాను. ఉక్కు సామాను తుప్పు పట్టకుండా కాడ్మియం అనే లోహపు పూత వేయడం నా పని. విమానం కాలికి వాడే ఉక్కు చాలా గట్టిది, కానీ ఆ గట్టితనంతో పాటే పెళుసుదనమూ ఉంటుంది. పూత ఒక్కచోట లేచిపోతే చాలు, తేమ చేరి సూదిమొనంత గుంట పడుతుంది. దిగిన ప్రతిసారీ ఆ గుంట దగ్గర ఒత్తిడి పడి, వెంట్రుకంత బీట మొదలై, కొంచెం కొంచెంగా లోపలికి పాకుతుంది. ఇలాంటిది రాత్రికి రాత్రి జరగదు. ఏళ్లు పడుతుంది. అంటే చూడవలసినవాళ్లకు ఏళ్ల టైము ఉంది.

పూత వేశాక కూడా పని అయిపోదు. ప్లేటింగులో ఉక్కులోకి చేరిన హైడ్రోజన్ పోవాలంటే సామానును ఓవెన్లో 190 డిగ్రీల దగ్గర 23 గంటలు ఉంచాలి. తొందరపడి ముందే తీస్తే పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, తర్వాత ఎప్పుడో బరువు పడ్డప్పుడు విరుగుతుంది. ఒకసారి నెలాఖరు టార్గెట్ కోసం 15 గంటలకే తీసేయమన్నారు. నేను సంతకం పెట్టలేదు. దానికి ఆరు నెలలు నైట్ షిఫ్టులు వేశారు. ఈ రోజుకీ ఆ కోపం నాకు తగ్గలేదు.

2016 అక్టోబరు 28న అమెరికాలో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఫెడెక్స్ సరుకు విమానం దిగగానే ఎడమ కాలు కూలి, రెక్కకు మంటలంటుకున్నాయి. పైలట్లిద్దరూ బయటపడ్డారు. కాడ్మియం పూత లేనిచోట పడిన తుప్పు గుంట నుంచే పగులు మొదలైందని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది. కాలును 8 ఏళ్లకోసారి విప్పి ఓవర్‌హాల్ చేయాలని తయారుచేసినవాళ్లు చెబితే, ఫెడెక్స్ 9 ఏళ్లు పెట్టుకుందని కూడా రాసింది. ఆ వివరం జనానికి దొరికింది. మన దగ్గర ఇలాంటి వివరం ఎవరైనా అడిగారా?

సముద్రం పక్కన ఉండే మాకు తుప్పంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. గోపాల్‌పూర్ గాలికి కిటికీ ఊచలు, సైకిల్ చువ్వలు, డాబా స్లాబులోని కడ్డీలు అన్నీ తుప్పు పట్టిపోతాయి. మా వార్డు మంచినీళ్ల ట్యాంకు మెట్లు రెండు ఊడిపోయాయి. ఎన్ని అర్జీలు ఇచ్చినా కదలనివాళ్లు, పెద్దమనిషి ఎవరో వస్తున్నారంటే ఒక్క పూటలో దానికి నీలం రంగు వేసేశారు. తుప్పు గీకలేదు, దాని మీదే వేశారు! పాత పెచ్చులతో సహా. ఆ మెట్లు ఎక్కి వాల్వు తిప్పే కుర్రాడికి పెళ్లయి ఏడాది కాలేదు. వాడు పడిపోతే అప్పుడూ సాంకేతిక లోపమనే రాస్తారా?

మా ఊరి పక్కనున్న రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ నుంచి పూర్తిస్థాయిలో విమానాలు నడపాలని బరంపురం వాళ్లం ఏళ్ల తరబడి అడుగుతున్నాం. రావాలి. విశాఖకో భువనేశ్వర్‌కో పెద్దాసుపత్రికి రోగిని తీసుకెళ్లిన ప్రతి ఇంటికీ ఆ అవసరం తెలుసు. కానీ ఉప్పుగాలిలో దిగి, ఉప్పుగాలిలోనే నిలబడే విమానాన్ని మరింత జాగ్రత్తగా కడగాలి, తరచుగా చూడాలి. ఆ పని ఎవరు చేస్తారో, ఎన్నాళ్లకోసారి చేస్తారో ముందే చెప్పాలి. విమానం పాతదైతే నాకు భయం లేదు. దాన్ని విప్పి చూడవలసిన తేదీ దాటిపోతేనే భయం.

మీ విలేఖరిని మళ్లీ పంపించండి. విరిగిన ఆ కాలును చివరిసారి ఎప్పుడు విప్పారు, మళ్లీ ఎప్పుడు విప్పాలి, గడువు పెంచి ఉంటే ఆ కాగితం మీద సంతకం ఎవరిది అని అడిగించండి. జవాబు ఇవ్వకపోతే ఇవ్వలేదనే మొదటి పేజీలో వేయండి.

– ఒక రిటైర్డ్ కార్మికుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా