రాత్రి డ్యూటీ ల్యాబ్ టెక్నీషియన్‌ గారికి

తెల్లవారుజామున బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే) మెషీన్ మోగగానే సీసా తీసి, గ్రామ్ స్టెయిన్ (క్రిములు కనబడేలా రంగు) వేసి, మొగ్గ తొడిగిన ఈస్ట్ కణాలు కనబడగానే రిపోర్టు కోసం ఆగకుండా వార్డుకు ఫోన్ చేశారు. పేరు కూడా చెప్పలేదు. మా బ్లడ్ క్యాన్సర్ వార్డు తరఫున మీకు కృతజ్ఞతలు.

ఒక్క సీసాలో పెరిగినా క్యాండిడా అనే ఈ ఈస్ట్‌ను కంటామినేషన్ (బయటి నుంచి కలిసింది) అని కొట్టిపారేయకూడదు. తెల్లకణాలు పడిపోయిన రోగికి ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది. మీ ఫోన్ వల్లే క్యాస్పోఫంగిన్ అనే ఫంగస్ మందు వెంటనే మొదలైంది: తొలిరోజు 70 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకు 50. దీన్ని సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్‌లో నిలవదు. మరో ఫంగస్ మందు ఆంఫోటెరిసిన్‌ది సరిగ్గా తిరగేసిన కథ, సెలైన్ తగిలిందా పాలలా విరిగిపోతుంది. అప్పటికే నివారణకు ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు వాడుతున్న రోగికి మళ్లీ అదే ఇస్తే పని చేయకపోవచ్చు, క్యాండిడాలో క్రుసై అనే జాతైతే దానికి అసలే లొంగదు. అందుకే జాతి పేరు, ససెప్టిబిలిటీ (ఏ మందుకు లొంగుతుందో) మీరు వెంటపడి తేల్చడం మాకు పెద్ద ఆసరా.

"రోజూ కల్చర్ పంపండి" అన్న మీ మాటా బాగా పనికొచ్చింది. 14 రోజుల చికిత్స లెక్క మందు మొదలైన నాటి నుంచి కాదు, మొదటి నెగెటివ్ కల్చర్ నుంచి. చాలామంది తప్పేది ఇక్కడే! కంటి పరీక్ష మాత్రం కౌంట్లు పెరిగాక మళ్లీ చేయించాలి, తెల్లకణాలు లేనప్పుడు రెటీనా మీద ఈ ఈస్ట్ మచ్చలు కనబడకపోవచ్చు.

ఈసారి ఫోన్ చేస్తే పేరు చెప్పండి.