వత్తులు లేని సామెతలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్లో తెలుగు గురించి మీరు వేసిన వ్యాసంలో ఫోన్లు, టైపింగ్ సంగతులే ఉన్నాయి. మాది హిందూపురం. బెంగళూరులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం. పొద్దస్తమానం నేను చూసేది టెర్మినల్ అనే, ఆదేశాలు టైపు చేసే నల్ల తెరని. అక్కడ తెలుగు పాట్లు వేరు.

రెండేళ్ల కిందట ఒక రాత్రి టెస్ట్ సర్వర్ అనుకుని అసలు సర్వర్‌ని రీబూట్ చేశాను. రెండు తెరలూ నల్లవే మరి. అది లేచేలోపు మేనేజర్ మూడుసార్లు ఫోన్ చేశాడు. నిజానికి లాగిన్ కాగానే సర్వర్ మనల్ని పలకరిస్తుంది. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయితే స్వాగతం, లోడ్ ఎంత, డిస్క్ ఎంత నిండింది, అప్‌డేట్లు ఎన్ని అని బారెడు చిట్టా. రోజూ చూసేవాడెవడూ దాన్ని చదవడు. పెళ్లి పందిరి గుమ్మంలో పన్నీరు చల్లుతారే, చల్లిందెవరో చూస్తామా? మా కుర్రాళ్లయితే కౌసే అనే సరదా ప్రోగ్రాముతో ఒక ఆవు బొమ్మ కూడా తగిలించారు. సొంత ల్యాప్‌టాప్‌లో ముద్దుగానే ఉంటుంది, అసలు సర్వర్‌లో దానికేం పని?

మర్నాడే ఆ చిట్టా పుట్టించే స్క్రిప్టులు నడవకుండా అనుమతి తీసేశాను. లాగిన్ కాగానే కనబడే సందేశం 'ఈటీసీ' ఫోల్డర్‌లోని 'ఎంఓటీడీ' ఫైల్లో రాసుకోవచ్చు. ఇది అసలు సర్వర్ అని గుర్తుండేలా అందులో 'చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు' అని ఎర్ర రంగులో పెట్టాను. తీరా చూస్తే చివరి మాటలోని మూడు వత్తులూ మూడు దిక్కులు పట్టాయి. టెర్మినల్ అక్షరాలని ఒకే వెడల్పు గళ్లలో పేరుస్తుంది. ఇంగ్లీషుకి సరిపోయే లెక్క అది, మన వత్తులకి చాలదు. కన్నడ ఒత్తులదీ ఇదే గతి అని పక్క సీటు హుబ్బళ్లి ఆయన అన్నాడు.

అందుకని 'చేతులు కాలాక ఆకులు' దగ్గరే ఆపేశాను. మిగతా సగం తెలుగువాడికి చెప్పాలా? తెలుగు రానివాళ్ల కోసం కింద అక్షరాలని పెద్దగా గీసే ఫిగ్లెట్‌తో 'లైవ్' అని ఇంగ్లీషులో ఇంత లావున వేశాను. ఆ తర్వాత నా చేతిలో అలాంటి పొరపాటు జరగలేదు.

ఒకే సామెత నెల రోజులుంటే అదీ కంటికి ఆనదు. అందుకే మారుస్తుంటాను. 'ఏ ఎండకు ఆ గొడుగు' అయింది. 'ఊరికి ఉపకారి ఆలికి అపకారి' కూడా అయింది. అది పెట్టానని చెబితే మా ఆవిడ ఒకటే నవ్వు, రాత్రి డ్యూటీలు నావి కదా. ఇక నా దగ్గర సరుకు లేదు. ఒక్క వత్తు కూడా లేని సామెతలు పాఠకులకి తెలిస్తే ఈ పేజీకే రాయమని మనవి.

- ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు